బొగ్గుబాయి లైనులో పెద్ద ఫిడేలు

భద్రాచలం అవతల అడవి మొదలయ్యే చోట వారానికొకసారి సంత జరుగుతుంది. చింతపండు ముద్దలు, చీపురుకట్టలు, ఎండిన ఇప్పపువ్వు, కరక్కాయలు గోనెపట్టాల మీద కుప్పలు పోసుకుని కూర్చునే ఆడవాళ్లలో ఒకామె గుగ్గిలం అమ్ముతుంది. సరుకులో కల్తీ లేదని చూపించడానికి ఆమె ముందు మట్టిమూకుట్లో ఎప్పుడూ నాలుగు నిప్పుకణికలు ఉంటాయి. ఎవరైనా బేరానికి ఆగితే చాలు, మాట్లాడకుండా ఒక పలుకు తీసి వాటి మీద వేస్తుంది. తెల్లటి పొగ సుడి తిరిగి లేచి, అటు ఎండుచేపల వాసననూ ఇటు బజ్జీల నూనె వాసననూ కాసేపు కమ్మేస్తుంది. బడి వదిలాక కూరగాయల కోసం వెళ్లిన నేను సంచి పట్టుకుని, కొనేదేమీ లేకపోయినా అక్కడ నిలబడిపోతాను. ఆ వాసన చాలామందికి దేవుడి గదినో, చంటిపిల్లకు నీళ్లు పోసిన ఇంటినో గుర్తు చేస్తుంది. నాకు మాత్రం కొత్తగూడెం దగ్గర బొగ్గుబాయి క్వార్టర్లలో, సిమెంటు రేకుల కింద ఒక ముందుగది, అందులో గోడ మూలకు ఆనించి నిలబెట్టిన మనిషంత వాద్యం గుర్తుకొస్తాయి.

మా లైనులో అన్ని ఇళ్లూ ఒకే తీరుగా ఉండేవి. ముందు ఒక గది, వెనక ఒక గది, పెరట్లో బొగ్గుపొయ్యి, దాని పక్కన మునగచెట్టో బొప్పాయిచెట్టో. తెల్లవారకముందే అన్ని పెరళ్లలోనూ పొయ్యిలు రాజేసేవాళ్లు; లైను మీద పొగ దుప్పటిలా పరుచుకుని, మొదటి షిఫ్టు సైరన్ మోగే వేళకు పలచబడేది. ఉతికి ఆరేసిన తెల్లబట్టల మీద సాయంత్రానికి నల్లటి నలకలు పడేవి, అమ్మ వాటిని చేత్తో దులిపేది కాదు, దులిపితే మరక అవుతుందని నోటితో ఊదేది. చలి తగ్గి ఎండలు మొదలయ్యేటప్పుడు అడవి వైపు నుంచి ఇప్పపువ్వు మత్తు వాసన గాలితోపాటు వచ్చేది. శ్రీరామనవమికి ప్లాస్టిక్ బకెట్లలో మిరియాలు ఘాటెక్కిన బెల్లం పానకం, ఆకుదొన్నెల్లో వడపప్పు. బతుకమ్మకు గునుగుపూల కోసం రైలుకట్ట దాకా పిల్లల పరుగులు. వానాకాలం అరుగుల మీద అష్టాచెమ్మా. మా నాయిన మల్లయ్య బాయిలో డ్రిల్లరు. భూమి కింద బొగ్గుగోడకు మిషనుతో రంధ్రాలు వేసే పని. పేల్చడానికి మందు ఆ రంధ్రాల్లోనే కూరుతారు. పని నుంచి వచ్చి స్నానం చేసినా ఆయన కళ్ల అంచుల్లో కాటుక పెట్టినట్టు నల్లటి గీత మిగిలేది.

ఒక వానాకాలం పొద్దున మా లైను చివరి ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి ఇద్దరు మనుషులు ఒక పొడవాటి నల్లపెట్టెను జాగ్రత్తగా దించుతుంటే, పంపు దగ్గర నీళ్లు పడుతున్న ఆడవాళ్లంతా బిందెలు వదిలేసి నిలబడ్డారు. ఆ ఇంట్లో ఉండేది దవాఖానాలో పనిచేసే నర్సు రూతమ్మ. ఆమె క్రిస్టియన్. పెట్టె ఆకారం చూసి మా అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది.

“అయ్యో, రూతమ్మ ఇంట్ల ఎవలు జచ్చిండ్రే?”

ఎవరూ చనిపోలేదు. పెట్టె వెనకే గొడుగు వేసుకుని దిగిన సన్నపాటి పెద్దమనిషి రూతమ్మ అన్న దానియేలు. మద్రాసులో సినిమా పాటల రికార్డింగుల్లో చెల్లో వాయించేవాడు. హాలు నిండా కూర్చున్న వాద్యకారుల పనంతా ఒక్క కీబోర్డు చేయడం మొదలయ్యాక ఆయనకు పిలుపులు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి. పెళ్లి చేసుకోలేదు. చెల్లెలి దగ్గరికి వచ్చేశాడు. వాళ్లది మధిర వైపు ఊరు కాబట్టి మాట మెత్తగా కోస్తా యాసకు మొగ్గేది. అందరూ ఆయన్ని సారు అన్నారు, ఆయన వాద్యాన్ని పెద్ద ఫిడేలు అన్నారు. చెల్లో అనే మాట మా లైనులో ఎవరికీ నోటపట్టలేదు.

ఆ చప్పుడు మీద మొదట్లో తగువులే. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకునేవాళ్లు తలుపు తీసి అరిచేవాళ్లు. మా నాయిన మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. ఆయనకు ఓపిక ఎక్కువని అమ్మ గొప్పగా చెప్పుకునేది. నేను అప్పుడు ఐదో తరగతి. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి విసిరేసి ఆ చివరి ఇంటి కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడేదాన్ని. ఒకరోజు సారు వాయించడం ఆపి, “లోపలికి రా అమ్మాయ్, ఏదీ నీ చెయ్యి చూపించు,” అన్నాడు. నా వేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి చూసి, వేళ్ల మధ్య ఎడం బాగానే సాగుతుందని తనలో తాను అనుకున్నాడు. అట్లా మొదలైంది.

మొదలైందంటే వాద్యం చేతికి ఇచ్చాడని కాదు. ఆ వానాకాలమంతా నాకు కూర్చోవడమే నేర్పాడు. కుర్చీ అంచున, రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేట్టు, వీపు వెనక్కి వాలకుండా. ఆ తర్వాత తీగల మీద లాగే కమాను పట్టడం. దానికీ అసలు కమాను కాదు, పొలంలోంచి తెచ్చిన ఎండు కందికట్టె. నేను దాన్ని పిడికిలితో పట్టుకుంటే ఆయన నవ్వి, “అన్నం ముద్ద చేసేటప్పుడు వేళ్లు ఎలా ఉంటాయమ్మా? బొటనవేలు వంగి ఉంటుంది, మిగతావి దాని మీదికి వదులుగా వాలతాయి. అంతే,” అన్నాడు. ఆ రాత్రి నేను పప్పన్నం తినకుండా ముద్ద చేసి దాన్నే చూస్తూ కూర్చుంటే అమ్మ, “తింటవా, జూసుకుంటనే కూసుంటవా?” అని కసిరింది.

వాద్యం నా మోకాళ్ల మధ్యకు వచ్చేసరికి చలికాలం వచ్చింది. దాని కింద ఉన్న ఇనుప కాలు నేల మీద జారకుండా పాత చెప్పు ముక్క ఒకటి పెట్టాడు. దాని వీపు నా ఎదకు ఆనింది, మెడ నా చెవి పక్కగా పైకి పోయింది. నాలుగు తీగల్లో అన్నిటికంటే లావుది, అన్నిటికంటే కింది స్వరం పలికేది, దాని మీద కమానును ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా లాగమన్నాడు. మొదట గీరుకున్న చప్పుడు, తర్వాత తలుపు కిర్రుమన్న చప్పుడు. కొన్నాళ్లకు ఒక సాయంత్రం, చెయ్యి బరువును భుజం నుంచి వదిలేయడం ఏమిటో శరీరానికి దానంతటదే తెలిసినట్టయి, ఆ తీగ నిండుగా పలికింది. ఆ పలుకు నా ఎదెముకలోకీ, మోకాళ్లలోకీ, కుర్చీలోకీ దిగింది. సారు కళ్లు మూసుకున్నాడు.

వేళ్లు పెట్టడం వేసవిలో మొదలైంది. ఎక్కడ నొక్కాలో తెలియడానికి మెడ మీద సన్నటి టేపు పట్టీలు అతికించాడు. వేళ్ల చివర్లు బొబ్బలెక్కాయి. అమ్మ కొబ్బరినూనె రాస్తే తీగలకు అంటుతుందని సారు కడిగించేవాడు. బొగ్గు దుమ్ము ప్రతిరోజూ వాద్యం మీద కూర్చునేది, తుడిచే గుడ్డ వాయించకముందే నల్లబడేది. కమాను వెంట్రుకలకు రుద్దే రోజన్ బిళ్ల ఆ ఎండలకు కరిగి పెట్టె అడుగున అంటుకుపోతే, కొత్తది మద్రాసు నుంచి వచ్చేదాకా ఆగలేక, అడవి నుంచి వచ్చిన గుగ్గిలం కొని కరిగించి బిళ్ల చేశాడు. దాన్ని రుద్ది కమాను తీగ మీద పెట్టగానే పిల్లి తోక తొక్కినట్టు అరిచింది. వెంట్రుకలన్నీ జిగటపట్టి ముద్దయ్యాయి. వాటిని రూతమ్మ తెచ్చిన స్పిరిట్‌తో కడగడానికి ఒక మధ్యాహ్నం పట్టింది, ఆ గుగ్గిలం వాసన మాత్రం వానలు పడేదాకా ఆ గదిని వదల్లేదు.

రెండో బతుకమ్మ నాటికి నేను నాలుగు తీగల మీదా చెయ్యి జరపకుండా అందే స్వరాలన్నీ పట్టీలు తీసేసి కూడా వాయించగలిగాను. మా ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ పాడే పాటల వరస వాటిలోనే ఇమిడిపోయేది. ఒక సాయంత్రం ఆ వరస వాయిస్తుంటే నాయిన నన్ను పిలుచుకుపోవడానికి వచ్చాడు. గడపలో నిలబడ్డవాడు మెల్లగా దగ్గరికి వచ్చి, వాద్యం పక్కచెక్క మీద అరచెయ్యి ఆనించాడు. నేను లావు తీగ మీదికి వెళ్లాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఇనబడ్తాంది బిడ్డా,” అన్నాడు, అదేదో వింతయినట్టు.

వినబడక ఏమవుతుందని నేను అనుకున్నాను. సారు మాత్రం ఆయన్ని తేరిపార చూశాడు. అప్పటినుంచి నాయిన పొద్దుటి షిఫ్టు ఉన్న రోజుల్లో సాయంత్రం వచ్చి ముక్కాలిపీట మీద కూర్చుని వినేవాడు, తలాడించేవాడు.

ఆ తర్వాతి మెట్టు ఎడమచేతిని మెడ వెంట పైకి జరపడం. చూడటానికి చెయ్యి వాద్యం ఒంటి వైపు కిందికే దిగుతుంది, స్వరం పైకి పోతుంది కాబట్టి పైకి అంటారు. ఒకే చోట ఉన్న చెయ్యి ఒక్క ఊపున పైకి జారి, సరిగ్గా కావలసిన స్వరం మీద దిగాలి; గీతలేవీ ఉండవు, కంటితో వెతికితే దొరకదు. స్వరాన్ని ముందు లోపల విని, అప్పుడు చెయ్యి కదపాలని సారు అనేవాడు. నేను పైకి పోయి తప్పు చోట దిగి, మళ్లీ కిందికి వచ్చి, మళ్లీ పైకి పోయేదాన్ని. పైకి పోయినప్పుడల్లా నాయిన తల ఆడించడం ఆగిపోయేది. నేను సరిగా వాయించలేదనుకునేదాన్ని. సారు అట్లా అనుకోలేదు. ఒకరోజు నన్ను లేపి తనే కూర్చుని, నాయినను కళ్లు మూసుకోమని, స్వరం వినబడినంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచమన్నాడు. కింది తీగ నుంచి మొదలుపెట్టి మెట్టుమెట్టుగా, మెల్లగా పైకి పోయాడు. నాయిన చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. సారు వేళ్లు పై తీగ చివరికి చేరడానికి ఇంకా చాలా దూరం ఉండగానే ఆ చెయ్యి మోకాలి మీదికి దిగిపోయింది. ఆ తర్వాత కూడా గదిలో వాద్యం మోగుతూనే ఉంది. నాయిన కళ్లు తెరిచి, “ఐపోయిందా సారు?” అన్నాడు.

సారు కమాను కింద పెట్టాడు. “మల్లయ్యా, నీకు పై స్వరాలు వినపడటం లేదు. మిషను చప్పుడు చెవులు తినేసింది. నువ్వు బాయిలోకి దిగకూడదయ్యా. డాక్టరుకు చూపించుకో.”

ఆ మాట ఎంత పెద్దదో అప్పుడు నాకు తెలియదు. బాయిలో కప్పు కూలేముందు సన్నటి చిటపట చప్పుళ్లు వస్తాయనీ, దానికి ఆనించిన దుంగలు కిర్రుమంటాయనీ, ఆ చప్పుడు విన్నవాళ్లే పరుగెత్తి బతుకుతారనీ మా ఇంట్లో ఎప్పుడూ చెప్పుకునే సంగతే. చెవులు పోయాయని తేలితే పైపనికి పంపుతారు. డ్రిల్లరు మల్లయ్య అంటే లైనంతా లేచి నిలబడి మాట్లాడే మనిషికి అది చావు కబురు. ఆయన ముక్కాలిపీట వెనక్కి తన్నేసి లేచాడు.

“నా చెవులు మంచిగనే ఉన్నయ్ సారు. నీ ఫిడేలే ఇనబడకపాయె. పద బిడ్డా, ఇగ గీడికి రావొద్దు.”

ఆ రోజుతో నా పాఠాలు ఆగిపోయాయి. దీపావళి పోయింది, కార్తీకం పోయింది. అమ్మ గొంతు పెంచి మాట్లాడటం ఎంతకాలంగా అలవాటయిందో అప్పుడే గమనించాను. మా ఇంట్లో ముగ్గురమే ఉన్నా పదిమంది పోట్లాడుకుంటున్నట్టుండేది. నేను పెరట్లో కూర్చుని కందికట్టెను ఎడమ ముంజేతి మీద ఈ చివర నుంచి ఆ చివరకు లాగేదాన్ని. అమ్మ చూసి కూడా చూడనట్టు బియ్యం ఏరుకునేది. అవతలి చివర సారు వాయించడం వినబడేది. నాయిన బయటికి పోయే ప్రతిసారీ నేను ఆయన చెవుల వైపే చూసేదాన్ని, ఎప్పుడేమవుతుందోనన్న భయం అన్నం తిననిచ్చేది కాదు.

చలి ముదిరిన ఒక పగటిపూట నాయిన వేళకాని వేళలో ఇంటికి వచ్చాడు. స్నానాల గదికి పోలేదు, బూట్లు విప్పలేదు, గడప మీద కూర్చుండిపోయాడు. జుట్టంతా రాతిపొడి. వెనకే ఆయన జతగాడు యాకూబ్ మామ వచ్చి చెప్పాడు, పనిచేస్తున్న చోట కప్పు కూలిందనీ, తాను మొత్తుకుంటుంటే మల్లయ్య మిషను ఆపి దాన్ని తుడుస్తూ కూర్చున్నాడనీ, చివరికి తానే మెడపట్టి ఇవతలికి గుంజాననీ. అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. నాయిన ఆమె ముఖంలోకి చూసి, చాలా మెల్లగా అన్నాడు.

“మిషన్ బంద్ జేసే ఉన్న. అయినా ఇనబడలే. యాకూబ్ ఒర్లిండట... నాకు ఇనబడనే లే.”

మర్నాడు పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని, నన్ను చెయ్యి పట్టుకుని సారు ఇంటికి తీసుకుపోయాడు. గడప బయటే చెప్పులు విడిచి, “సారు, నాతోటి దవాఖానాకు రా. డాక్టర్ ఏమంటడో నాకు సమజ్ గాదు, నువ్వు ఇని జెప్పు,” అన్నాడు. సారు గొడుగు తీసుకున్నాడు. వాళ్లిద్దరూ రోడ్డు మీద పక్కపక్కన నడిచిపోతుంటే, ఏదో చెప్పడానికి సారు ఆయన చెవి దగ్గరికి వంగడం, నాయిన తలాడించడం నేను రూతమ్మ అరుగు మీద నుంచి చూశాను.

నాయిన్ని బాయి పైన దీపాల గదికి మార్చారు. కిందికి దిగే ప్రతి మనిషికీ తలకు పెట్టుకునే దీపం అందించి, పైకి వచ్చాక తీసుకోవడం. మొదటి నెలల్లో ఆయన ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. తోటి డ్రిల్లర్లు కిటికీలోంచి దీపం తీసుకుంటూ పలకరిస్తే తల దించుకునేవాడట. ఇంటికి వచ్చి స్నానం చేస్తే కళ్ల అంచున నల్లగీత ఉండేది కాదు. ఆ తెల్లటి కళ్లతో ఆయన నాకు వేరే మనిషిలా కనిపించేవాడు. అయితే నా పాఠాలు మళ్లీ మొదలయ్యాయి, అడగకుండానే. నాయిన కూడా మళ్లీ వచ్చి ఆ ముక్కాలిపీట మీద కూర్చునేవాడు.

ఆ ఏడాదిలో నేర్చుకున్నంత నేను మరెప్పుడూ నేర్చుకోలేదు. స్వరం మీద వేలు ఆనించి చేతిని ఊపుతూ దానికి ప్రాణం పోయడం; అది వణుకు కాదు, ఊగడం అని సారు పదేపదే అనేవాడు. కమానును చిన్నచిన్నగా తుంచి పలికించడం. రెండు తీగలు కలిపి వాయించడం. చివరికి బొటనవేలిని మెడ వెనకనుంచి తీసి తీగల మీదే అడ్డంగా ఆనించి, ఇంకా పైకి, వాద్యం భుజాల దాకా పోవడం. అక్కడ బొటనవేలి పక్కన చర్మం చిట్లి రక్తం వచ్చేది. క్రిస్మస్‌కు చర్చిలో వాయించడానికి సారు ఒక సంగీతం ముక్క తయారుచేశాడు. దాని మధ్యభాగమంతా ఆ పై స్వరాల్లోనే. నేను కొన్నాళ్లు సాధన చేసి, ఒకరోజు ఆగిపోయాను.

“సారు, దీన్నంత కింది తీగ మీదికి మారుస్తరా? నాయినకు పైది ఇనబడది.”

సారు నా చేతిలోంచి కమాను తీసుకుని పెట్టెలో పెట్టాడు. “మార్చొచ్చు. కానీ అది నేను చెప్పేది కాదు, నువ్వు చెప్పేదీ కాదు. మీ నాన్ననే అడుగు.”

అడిగాను. ఆయన చెవి దగ్గర అరిచి, చేతులతో పై స్వరాల చోటు, కింది స్వరాల చోటు చూపించి అడిగాను. నాయిన నవ్వాడు. దీపాల గదికి పోయాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

“గింత కష్టపడి పైకి వోయి మళ్ల కిందికెందుకు వస్తవ్? పైన్నే కొట్టు బిడ్డా. నేను జూస్తా.”

చర్చి నిండా కొవ్వొత్తులు, రంగుకాగితాల గొలుసులు, కేకు వాసన, తడిగడ్డి పరిచిన పశువులపాక బొమ్మ. నాయిన తలకు నూనె రాసుకుని ముందు వరసలో యాకూబ్ మామ పక్కన కూర్చున్నాడు. నేను లావు తీగ మీద మొదలుపెట్టాను, ఆయన తల ఆడుతోంది. చెయ్యి మెడ వెంట పైకి జారింది, బొటనవేలు తీగలకు అడ్డంగా పడింది, స్వరం సన్నబడి పైకి పోయింది. ఆయన తల ఆగలేదు. నా వేళ్లనే చూస్తున్నాడు. వేలు ఊగినప్పుడు ఆయన గడ్డం ఊగింది, కమాను నిలిచినప్పుడు ఆయన ఊపిరి నిలిచింది, ఒకచోట నేను తడబడితే చుట్టుపక్కలవాళ్లెవరికీ తెలియకపోయినా ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఇన్ని రోజులూ ఆ పీట మీద కూర్చుని నా పాఠం ఆయన కళ్లతో నేర్చుకున్నాడని అప్పుడు తెలిసింది. ముక్క అయిపోయాక అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కొట్టలేదు, కళ్లు తుడుచుకుంటున్నాడు.

నా విద్య ఇంచుమించు అక్కడే ఆగింది. మరో రెండేళ్లకు రూతమ్మ రిటైరై అన్నతో కలిసి మధిర వైపు సొంతూరికి వెళ్లిపోయింది. నల్లపెట్టె ఎక్కించిన ఆటో వెనక మెయిన్ రోడ్డు దాకా నడిచాను. సారు అక్కడే పోయాడు. ఆ వాద్యాన్ని రూతమ్మ ఎవరో బంధువుల పిల్లవాడికి ఇచ్చిందని విన్నాను, ఆ పిల్లవాడు ఏ ఊళ్లో ఉన్నాడో తెలియదు. నేను ఖమ్మంలో చదువుకుని, ఈ వైపు బడిలో లెక్కల టీచరునయ్యాను. సంగీతం తెలిసినవాళ్ల లెక్కన నేను మొదటి మెట్లు దాటి నడిమిదాకా వచ్చి నిలిచిపోయిన విద్యార్థినిని. ఇంకా ఎంత ఎత్తుందో సారు వాయించగా విన్నాను కాబట్టి తెలుసు. నాయిన చివరి ఏళ్లలో పూర్తిగా మౌనంలోకి వెళ్లిపోయాడు. ఆ మౌనంలోనే, బాధ లేకుండా పోయాడు. అమ్మ నా దగ్గరే ఉంది. ఇప్పటికీ గొంతు పెంచే మాట్లాడుతుంది.

మొన్న ఎండాకాలం పెళ్లికని కొత్తగూడెం పోయి, మా లైను చూడాలనిపించి ఆటో మాట్లాడుకున్నాను. రోడ్డు ఒకచోట కంచెతో ఆగిపోయింది. అవతల ఓపెన్‌కాస్ట్ గని. నేల మెట్లుమెట్లుగా లోపలికి దిగి, దిగి, అడుగున తిరుగుతున్న లారీలు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. పంపు, చర్చి, రైలుకట్ట పక్క గునుగుపూల దిబ్బ, ఏవీ లేవు. దూరంగా ఉన్న నీళ్లట్యాంకును బట్టి అంచనా వేసుకుంటూ నిలబడ్డాను. కంచె దగ్గర కాపలా మనిషి, నడివయసువాడు, వేరే జిల్లా నుంచి వచ్చినవాడు, లేచి దగ్గరికి వచ్చాడు.

“ఏంది మేడమ్, ఏం జూస్తున్నరు?”

“మా ఇల్లు,” అన్నాను.

“ఇల్లా? గిక్కడ ఇండ్లు ఉండెనా?”

“అవ్. లైన్లు ఉండె. అదిగో, గక్కడ,” అని చెయ్యి చాపి చూపించాను. అతను నా వేలు వెంబడి చాలాసేపు చూశాడు. నేను చూపిస్తున్న చోట, ఆ గుంత మీద, ఉత్త గాలి ఉంది.